ఖాళీ సీటు బరువు

గాజువాకలో మా వర్క్‌షాపు ఒక టైర్ల కొట్టుకీ టిఫిన్ సెంటరుకీ మధ్య ఉంటుంది. బోర్డు లేదు. లోపలికొస్తే ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, వైర్ల చుట్టలు, మూలన ఒక లోడరు సీటు కనబడతాయి. ఆ సీటుకి బండి లేదు. కొత్త సెన్సర్లు పరీక్షించడానికి ఇనప ఫ్రేము మీద బిగించి పెట్టాం. పని లేనప్పుడు నేను దాని మీదే కూర్చుని టీ తాగుతాను.

నా పేరు తిరుమలరావు. హార్బర్లో ఓడల నుంచి బొగ్గు దించే ఒక కాంట్రాక్టరు దగ్గర లోడర్లకీ డంపర్లకీ సెన్సర్లు బిగిస్తాను. ఇంజను ఎంత వేడెక్కింది, డీజిలు ఎంత తాగింది, టైర్లో గాలి ఎంత ఉంది, ఇవన్నీ బండిలో ఉన్న చిన్న డబ్బా రాసుకుని, సిగ్నలు దొరగ్గానే నా కంప్యూటరుకి పంపుతుంది. బండి అబద్ధం చెప్పదయ్యా అని మా సూపర్‌వైజర్ భీమశంకరరావు గారు కొత్తగా చేరిన ప్రతి ఆపరేటరుకీ చెబుతారు. ఆపరేటర్లు చెబుతారని ఆయన ఉద్దేశం.

సీటు కింద కూడా ఒక సెన్సరు ఉంటుంది. కూర్చున్న మనిషి బరువు చూస్తుంది. ఇంజను నడుస్తుండగా ఆపరేటరు దిగిపోతే బజరు మోగి ఇంజను ఆగిపోతుంది. మనిషి లోపలున్నాడంటే క్యాబిన్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది, ఆ లైటు ఆరేదాకా క్రేనువాడు బండిని గాల్లోకి లేపడు.

బరువంటే ఒక అంకె అనుకుంటారు గానీ బతికున్న మనిషి బరువు ఒక్క చోట ఆగదు. ఊపిరి తీస్తే కదులుతుంది, దగ్గితే కదులుతుంది. తెర మీద గీత సన్నగా వణుకుతూనే ఉంటుంది. అదే సీటు మీద సిమెంటు బస్తా పెట్టండి, స్కేలు పెట్టి గీసినట్టు వస్తుంది. కొందరు గడుసువాళ్ళు బస్తా పెట్టి, ఇంజను ఆగకుండా చూసుకుని, బండి నీడలో కునుకు తీసేవాళ్ళు. గీత చూసి ఇట్టే పట్టేసేవాణ్ణి. ఆపరేటర్లకి నేనంటే పడకపోవడానికి అదొక కారణం.

మా అన్నయ్య వీరన్న ఒక్కడే దానికి నవ్వేవాడు. అతనూ లోడరు ఆపరేటరే. సెన్సరు బిగించిన రోజున మొదట కూర్చోబెట్టింది అతన్నే. అరవై చూపించింది. వదిన పెట్టే తిండంతా ఎక్కడికి పోతోందని ఏడిపించాను. బొగ్గు దగ్గర బీడీ కాల్చనివ్వరు కదా, అందుకని ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. దాన్ని కూడా కలుపుకుని అరవై అన్నాడు.

పోయిన నెల అన్నయ్య హ్యాచ్‌లో చనిపోయాడు. హ్యాచ్ అంటే ఓడ కడుపులో బొగ్గు పోసే పెద్ద ఇనప గది. క్రేను బొగ్గంతా తోడేశాక మూలల్లో కొంత మిగిలిపోతుంది. దాన్ని మధ్యకి నెట్టడానికి లోడరుని ఖాళీగా లోపలికి దించుతారు. ఆపరేటరు నిచ్చెన మీద దిగి బండెక్కుతాడు. పైన మూత తెరిచే ఉన్నా అడుగున పట్టపగలు కూడా చీకటే. చుట్టూ అంత ఇనుము కాబట్టి అక్కణ్ణుంచి ఫోను సిగ్నలు రాదు. డబ్బా అన్నీ దాచుకుని, బండి పైకొచ్చాక ఒక్కసారిగా పంపుతుంది.

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. పైనున్నవాళ్ళు భోజనం చేసి కాస్త నడుం వాల్చాడేమో అనుకున్నారు. ఇంజను శబ్దం వస్తూనే ఉంది మరి. తర్వాత ఎవరో దిగి చూసి, ముందు అతన్నీ తర్వాత బండినీ పైకి తెచ్చారు. నాకు ఇంకా కబురు అందలేదు. వర్క్‌షాపులో టీ తాగుతుంటే తెర మీదకి గీత వచ్చింది. వణికింది, వణికింది, ఒకచోట ఆగిపోయింది. అక్కణ్ణుంచి చాలా దూరం తిన్నగా సాగింది. ఎవడో మళ్ళీ బస్తా పెట్టాడనుకున్నాను. నీ బండిలో ఎవడో బస్తా పెట్టాడని చెబుదామని అన్నయ్యకే ఫోన్ చేశాను.

మా ఊరు పద్మనాభం తీసుకెళ్ళి మా కల్లం పక్కన దహనం చేశాం. నాకు ఏడుపు రాలేదు. దినం నాడూ రాలేదు. తిన్నాను, పడుకున్నాను, డ్యూటీకి వెళ్ళాను. పంటికి మత్తిచ్చాక డాక్టరు గీకుతుంటే శబ్దం వినబడుతుంది గానీ నొప్పి తెలీదు చూడండి, అలా ఉంది. వదిన రోజారమణి కూడా పెద్దగా మాట్లాడలేదు. మేమంతా గాజువాకలో ఒక్క ఇంట్లోనే ఉంటాం. ఒక రాత్రి కంచం ముందు పెట్టి ఒక్క మాట అడిగింది.

"అంతసేపూ ఆ సీకట్లో ఒక్కడే ఉండిపోనాడా, తిరుమలా?"

తెలియదన్నాను. నాకు తెలుసు. ఎంతసేపో గీత చెప్పింది.

తర్వాత వచ్చిన ఓడకి అదే బండిని తీశారు. నడపాల్సింది వాసు. జాలరి కుటుంబం వాడు. వాళ్ళ నాన్న ఇంకా వేటకి వెళ్తున్నాడు, వీడికి సముద్రం పడక బళ్ళ వైపు వచ్చాడు. బండి నేర్పింది మా అన్నయ్యే. మధ్యాహ్నం నేను జెట్టీ మీదకి వెళ్ళేసరికి బండిని ఇంకో బండితో లాగించి తెచ్చి, కడిగేసి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేశారు. వాసు మాత్రం ఇంకా ఎక్కలేదు. సీటు మీద అన్నయ్య తువ్వాలు అలాగే ఉంది.

హార్బర్లో ఆపరేటర్లకి ఒక పద్ధతి ఉంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టే, ఎవరి గుడ్డ సీటు మీద ఉంటే ఆ షిఫ్టుకి బండి వాళ్ళది. మనిషి టీకి వెళ్ళినా, ఒంటేలుకి వెళ్ళినా ఇంకొకడు ఎక్కడు. దిగిపోయేటప్పుడు తన గుడ్డ తనే తీసుకోవాలి. తీసుకునే మనిషి లేకపోతే ఇంటివాళ్ళు వచ్చి ఇంటికి పట్టుకెళ్ళాలి. పరాయివాడు ముట్టడు. బండి కడిగినవాళ్ళు కూడా తువ్వాలు చుట్టూ కడిగారు.

"నువ్వు తియ్యి బావ. నాను ముట్టను" అన్నాడు వాసు.

తీశాను. లవంగం వాసన వేసింది. దాన్ని భుజాన వేసుకుని దిగితే సరిపోయేది. కానీ తీసుకెళ్ళిపోతే అన్నయ్య ఆ బండి దిగిపోయినట్టే. దిగిపోవడం నాకు ఇష్టం లేదు, ఉన్నమాట అదే. మడిచి సీటు వీపు మీద వేసి, సాయంత్రం పట్టుకెళ్తానులే అన్నాను. వాసు నా వైపు చాలాసేపు చూశాడు.

క్రేను కొక్కేలు తగిలించారు. అప్పుడు క్యాబిన్ మీద ఎర్ర లైటు వెలిగింది.

క్రేనువాడు పైనుంచి చెయ్యి ఊపాడు, లోపల ఎవరో ఉన్నారు, దిగమనండని. లోపల ఎవరూ లేరు. నేను ఎక్కి సీటు పక్కనున్న చిన్న తెర చూశాను. అరవై. గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది.

బండి కడిగినప్పుడు సీటు స్పాంజిలోకి నీళ్ళు దిగి ఉంటాయని అనుకున్నాను. అంత బరువు నీళ్ళు ఏ స్పాంజీ పట్టదని కూడా నాకు తెలుసు. కింద నుంచి భీమశంకరరావు గారు అరిచారు. ఓడ ఆలస్యమైతే అందరికీ అక్షింతలే, సెన్సరు సంగతి తర్వాత చూసుకో, ముందు జీరో కొట్టెయ్ అన్నారు. కూరగాయల కాటా మీద ముందు గిన్నె పెట్టి సున్నా చేస్తారు కదా, అదీ అంతే. ఇప్పుడు సీటు మీద ఏది ఉందో అది లేనట్టే లెక్క అని బండికి చెప్పడం.

తెర కింద బటన్ నొక్కాను. బీప్ మంది. అరవై పోయి సున్నా వచ్చింది, ఎర్ర లైటు ఆరిపోయింది. సరిచూద్దామని వాసుని ఒకసారి కూర్చోబెడితే డెబ్బై రెండు చూపించింది. అది వాడి సరైన బరువే.

బండి దిగింది. వాసు నిచ్చెన మీద దిగాడు. నేను హ్యాచ్ అంచున నిలబడ్డాను. పైన మబ్బు కమ్ముకొస్తోంది. కింద నుంచి తడి బొగ్గు వాసన, పాత నూతిలోంచి వచ్చినట్టు చల్లటి గాలి. లోడరు బకెట్ ఇనప నేల మీద గీసుకుపోయే శబ్దం వస్తూ పోతూ ఉంది. అన్నయ్య పని చేస్తున్నప్పుడూ ఇదే శబ్దం. కళ్ళు మూసుకుంటే తేడా లేదు.

కాసేపటికి బజరు మోగింది. ఇంజను ఆగిపోయింది.

నిశ్శబ్దం. తర్వాత నా చేతిలో వాకీటాకీ గరగరలాడింది. వాసు గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"బావ... నాను సీట్లోనే కూకున్నాను. బండి కాళీ అంటంది."

"ఎంత సూపిత్తంది?"

"పన్నెండు."

నేను లెక్క వేశాను. వెయ్యకుండా ఉండలేను, నా పని అది. డెబ్బై రెండులో అరవై పోతే పన్నెండు. నేను సున్నా చేసినప్పుడు సీట్లో ఉన్నది ఇప్పుడు సీట్లో లేదు. గిన్నె కాటా మీంచి లేచిపోయింది.

లేచి ఎక్కడికి వెళ్తుంది? ఆ గదికి నాలుగు ఇనప గోడలు, ఒక నిచ్చెన ఉన్నాయి. నిచ్చెన పైన నేనున్నాను.

భయం వేయాలని తెలుసు. వేయలేదు. వదిన అడిగిన మాట ఒక్కటే తలలో తిరిగింది. ఒక్కడే ఉండిపోయాడా అంది. ఉండిపోవడం అయిపోలేదు వదినా, ఇంకా ఉన్నాడు అనుకున్నాను. సాయంత్రం వరకూ ఎందుకు, ఇప్పుడే ఇంటికి తీసుకెళ్ళిపోదామని నిచ్చెన దిగాను.

దిగేకొద్దీ వెలుతురు తగ్గింది. అడుగున బండి హెడ్‌లైట్లు కూడా లేవు. వాసు చేతిలో టార్చి ఒకటే. వేడెక్కిన ఇంజను టిక్... టిక్... మంటోంది. బొగ్గు వాసన మధ్యలో, ఎక్కడినుంచో, లవంగం.

"బండి ఎనకాల ఎవలో నడుత్తన్నారు బావ" అన్నాడు వాసు పెదాలు కదపకుండా.

"బొగ్గు జారతంది."

"జారితే ఆగిపోద్ది గదా."

విన్నాను. ఆగడం లేదు. కరకర... కరకర... గోడ వెంబడే వెళ్ళి, మూలకి చేరి, మళ్ళీ తిరిగి వస్తోంది. దారి వెతుక్కునే మనిషిలా.

వాసుని దిగి నిచ్చెన దగ్గర నిలబడమన్నాను. వాడు దిగగానే తెర మీద మైనస్ అరవై పడింది. తిన్నటి గీత. సీటు నిండా బొగ్గు పొడి. ప్యాంటు పాడవుతుందని నా జేబురుమాలు తీసి పరుచుకుని కూర్చున్నాను. అలాంటి చోట కూడా ప్యాంటు గురించి ఆలోచించానంటే నా పరిస్థితి మీకు అర్థమవుతుంది.

నా బరువు అరవై ఐదు. తెర ఐదు చూపించింది. నా ఊపిరితో పాటు గీత సన్నగా వణుకుతోంది.

"అన్నియ్య" అన్నాను. "నానే. రా... ఇంటికెల్దాం."

నడక ఆగింది.

వాసు టార్చి ఆరిపోయింది. తెర వెలుగు ఒక్కటే మిగిలింది. ఐదు. ఐదు. ఎనిమిది. పదిహేను... నేను కదలలేదు. ముప్పై. లవంగం ఘాటు మొహం మీదకి వచ్చింది. నలభై ఐదు... అరవై... అరవై ఐదు.

అక్కడ ఆగింది.

ఒకే సీట్లో ఇద్దరం ఉన్నాం. ఒళ్ళో బరువు తెలుస్తుందనుకున్నాను, చలి తెలుస్తుందనుకున్నాను. కనీసం ఇప్పుడైనా ఏడుపొస్తుందనుకున్నాను. ఏమీ తెలియలేదు. నా గుండె కొట్టుకుంటోందో లేదో కూడా తెలియలేదు. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. తర్వాత లేచి, సీటు వీపు మీదున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని దిగాను. వెనక్కి తిరిగి తెర చూడలేదు.

నిచ్చెన నేను ముందు ఎక్కాను. పైకొచ్చి చూస్తే వాసు ఇంకా అడుగునే ఉన్నాడు. చాలాసేపటికి ఎక్కాడు. ఎందుకు ఆగావంటే, నిచ్చెన ఖాళీ అవ్వాలి కదా అన్నాడు. అంతకంటే అడగలేదు. వాన మొదలైంది. సెన్సరు పాడైందని భీమశంకరరావు గారికి చెప్పాను. ఆయన విసుక్కుని, బండిని హ్యాచ్‌లోనే ఉంచి మిగిలిన పని పొద్దుటికి వాయిదా వేశారు.

ఇంటికి వెళ్ళి వదిన చేతిలో తువ్వాలు పెట్టాను. ఆవిడ దాన్ని మొహానికి ఆనించుకుంది. నెల రోజుల్లో మొదటిసారి ఏడ్చింది, గట్టిగా, వీధిలోకి వినబడేలా. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక మొహం తేలికపడింది. తీసుకొచ్చేశాను వదినా, ఇంక ఒక్కడే లేడు అన్నాను. తల ఊపింది. అన్నం పెట్టింది. రుచి తెలియలేదు. పక్కన కూర్చుని చూసి చూసి, నీకు లవంగం ఎప్పుడు అలవాటైంది తిరుమలా అంది. తువ్వాలు వాసన అన్నాను.

ఆ రాత్రి ఆవిడ నిద్రపోయింది. నేనూ పడుకున్నాను గానీ నిద్ర పట్టిందో లేదో తెలియదు.

పొద్దున్న వర్క్‌షాపుకి వెళ్ళి, టీ తెప్పించుకుని, అలవాటుగా మూలనున్న సీటు మీద కూర్చున్నాను. కంప్యూటరు ఆన్‌లోనే ఉంది.

అరవై.

లేచి, పరీక్షకి వాడే ఇనప గుండు సీటు మీద పెట్టాను. సరిగ్గానే చూపించింది. మళ్ళీ నేను కూర్చున్నాను. అరవై. గీత తిన్నగా వెళ్తోంది. గట్టిగా ఊపిరి పీల్చాను. గీత కదల్లేదు. దగ్గాను. కదల్లేదు. టీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఫోన్ మోగింది. వాసు. గుసగుసగా మాట్లాడుతున్నాడు. హ్యాచ్‌లో పైకంటా నిచ్చెన ఎక్కి, సిగ్నలు దొరికిన చోట ఆగి చేస్తున్నానన్నాడు.

"బావ, నిన్న నీ జేబురుమాలు సీటు మీద మరిసిపోనావు. నాను ముట్టలేదు."

"ఊఁ."

"సీట్లో ఎవలూ లేరు. ఐదు సూపిత్తంది."

నేనొక్కణ్ణే కూర్చున్నప్పుడు ఆ తెర చూపించిన అంకె అది.

"ఐదు ఒక్క కాడ ఆగట్లేదు బావ. వణుకుతంది. ఎవలో ఊపిరి తీత్తన్నట్టు... భీమశంకరరావు గారు కిందే ఉన్నారు. అన్నీ తప్పుగా సూపిత్తంది, జీరో కొట్టేత్తాను అంటన్నారు. బటన్ మీద సెయ్యి పెట్టీసినారు. ఏటి సెప్పమంటావు?"

వద్దని చెప్పాలి. ఆయన్ని ఆపమని, నేను వచ్చేదాకా ఆ గుడ్డ ఎవరూ ముట్టొద్దని చెప్పాలి. నోరు తెరిచాను. నాలుక కింద ఏదో అడ్డం తగిలింది. వేళ్ళతో తీసి చూశాను.

నానిపోయిన లవంగం.

ఫోనులో, ఎక్కడో చాలా కింద నుంచి, బీప్ మని వినబడింది.